పైగదికి బయటి మెట్లు

ప్రియమైన కూతురు బ్లెస్సీకి అమ్మ ముద్దులతో, దీవెనలతో రాయునది. చి.ల.సౌ. అని మొదలుపెట్టబోయి ఆగాను. నీకు ఇప్పుడు ఏమని రాయాలో ఫాదర్‌గారిని అడగాలి. ఇక్కడ నేనూ, నాన్నా, కోళ్ళూ అందరం క్షేమం, నాన్న మోకాలు ఒక్కటి తప్ప. ఆ కొండమీద చలికి నువ్వు చెవులు కప్పుకుని తిరుగుతున్నావనే అనుకుంటాను.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఆలస్యానికి కోపం తెచ్చుకోకు. మీ మఠంలో ఫోను పండగలకే ఇస్తారు గనుక రెండు ముక్కలు మాట్లాడి తప్పించుకునే వీల్లేదు నాకు. అడిగినవన్నీ చెబుతాను. నాన్నకు రాత్రి డ్యూటీ తీసేశారు. గుడిలో నీ పాటలు ఇప్పుడు ఆరాధన పాడుతోంది. గొంతు మంచిదే గానీ మరీ సాగదీస్తుంది, పూజ ముగిసేసరికి ఇంట్లో కూర చల్లారిపోతోంది. పినపాక పెద్దమ్మకు కంటి ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు అందరి ముఖాలూ చూసి, ఇంత ముసలివాళ్ళయ్యారేమిటర్రా అంటోంది. ఇక, మరియమాత పుట్టినరోజు పండుగనాడు సిస్టర్‌గా దేవుడికి మాటిచ్చే నీ మొదటి మాటపట్టు అనీ, మేమిద్దరం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నట్టు రాసి పంపాలనీ అడిగావు. నాన్న ఆ రోజే రాసిపెట్టాడు. నేనే రాయలేదు. ఎందుకో చెబుతాను, కాస్త చుట్టూ తిరిగి వస్తాను, ఓపిక పట్టు.

నువ్వు వెళ్ళిన ఏడాదికి మేడమీద గది వేశామని రాశాను కదా. దాని కిటికీ అడవివైపు. ఈ నెలలో టేకుచెట్లు పూసి కొండలన్నీ తెల్లని పొడి చల్లినట్టున్నాయి. వానపడి వెలిశాక గోదావరి మీదనుంచి మంచు లేచి మెల్లగా ఇటు నడుస్తుంది. ముందు చెట్లు పోతాయి, తర్వాత రోడ్డు, తర్వాత మన కోళ్ళగూడు. ఇల్లు నీళ్ళమీద తేలుతున్నట్టుంటుంది. మధ్యాహ్నం పని అయ్యాక నేను పైకి వెళ్ళి వట్టి నేలమీద పడుకుంటాను. కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. కునుకు పట్టీపట్టకముందు ఎవరో గిన్నెలు సర్దుతున్నట్టు, చిన్న కాళ్ళేవో మెట్లమీద తప్పటడుగులు వేస్తున్నట్టు వినిపిస్తుంది. లేచి చూస్తే ఏమీ ఉండదు. చూరునుంచి నీళ్ళు పడుతుంటాయి. మళ్ళీ కళ్ళు మూసుకుంటాను.

ఇలా ఉండగా మునిసిపాలిటీ నుంచి ఇంటిపన్ను నోటీసు వచ్చింది. చూసి నాన్న కుర్చీలో కూలబడ్డాడు. పన్ను రెండింతలకు పైనే. సర్వేకు వచ్చిన వాళ్ళు పైగదిని వేరే వాటాగా, కిరాయికి ఇచ్చినట్టుగా లెక్కగట్టి ఇంటి విలువ పెంచేశారు. కిరాయి లేదు, కిరాయిదారూ లేడు, మనమెందుకు కట్టాలని నాన్న ఒకటే రుసరుస. ఇంటికొచ్చి మళ్ళీ చూడమని అర్జీ పెట్టాడు. నేను వద్దన్నాను, పోనీలే కట్టేద్దామన్నాను. చింతపండు కొలతలో తేడా వస్తే బజారంతా వినిపించేలా గొడవపడేదానివి, నీకేమైందని వింతగా చూశాడు.

అర్జీ పెట్టాక రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ భీమ్లా గారు వచ్చారు. నెమ్మదైన మనిషి, చెప్పులు కింద విడిచి మేడెక్కారు. టేపు పెట్టి కొలిచారు. తర్వాత గది మధ్యలో నిలబడి చుట్టూ చూసి, "కిరాయికి ఇయ్యనప్పుడు మెట్లు బయటినుంచి ఎందుకు పెట్టిండ్రు? లోపల వంటగట్టు ఎందుకు?" అని అడిగారు.

నాన్న అమాయకంగా, నేను ఒకప్పుడు చెప్పిందే చెప్పాడు. "క్రిస్మస్‌కు అరిసెలు వండుకుంటందుకు సార్."

"అరిసెలకు బాత్‌రూం గూడ కావాల్నా?" అన్నారాయన నవ్వుతూ. నాన్న నావైపు తిరిగాడు. ఆ ప్రశ్న ఆయనకూ అప్పుడే తట్టినట్టుంది. "ఏంది విశ్రాంతీ?" అన్నాడు.

ఇక దాచలేకపోయాను తల్లీ. ఆ గది అరిసెలకూ కాదు, చుట్టాలకూ కాదు. నీకోసం. నువ్వు ఆ మఠంలో ఉండలేవని, రెండేళ్ళు తిరక్కుండానే పెట్టె సర్దుకుని వస్తావని, నీకు పెళ్ళి చేస్తానని, మీ ఇద్దరినీ మా పైనే పెట్టుకుంటానని కట్టించాను. మన ముంగిట్లోంచి వచ్చిపోతే అల్లుడికి ఇల్లరికం పేరు పడుతుందని మెట్లు బయట పెట్టించాను. ఒకే పొయ్యి అయితే నీకూ నాకూ తగువు తప్పదని వంటగట్టు వేరే కట్టించాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! నీ ప్రతి ఉత్తరం విప్పేముందు, వచ్చేస్తున్నానని రాసి ఉంటే బాగుండునని దేవుణ్ణి అడిగేదాన్ని. నువ్వు అక్కడ సంతోషంగా ఉన్నానని రాస్తే నాకు ఆ పూట అన్నం దిగేది కాదు. తల్లినై ఉండి అలా కోరుకున్నాను.

ఇదంతా ఆ కొత్త మనిషి ముందే చెప్పేశాను. భీమ్లా గారు కాగితం, కలం తీశారు. తర్వాత చాలా మెల్లగా, "రాసుకోవాలె గదమ్మా, ముందు ముందు పాప ఈ ఇంటికి వస్తదా?" అని అడిగారు.

"రాదు సార్. సిస్టరమ్మ అయితది," అన్నాను.

ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. అనగానే ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. మంచు అప్పటికే కిటికీ దాకా వచ్చింది, గదిలో సగం వెలుతురు. ఎప్పటినుంచో నెత్తిన మోస్తున్న మూట ఎవరో అందుకుని కింద పెట్టినట్టనిపించింది. వంటగట్టు తీసేస్తే ఇదంతా ఒకే ఇల్లని రాస్తానన్నారు భీమ్లా గారు. నాన్న మర్నాడే మేస్త్రీని పిలిచాడు. సుత్తి దెబ్బలు పడుతుంటే నేను కింద బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ప్రతి దెబ్బా తగిలింది, అబద్ధమెందుకు. పన్ను తగ్గించి కొత్త నోటీసు పంపారు. నాన్నకు పండగే.

కానీ భీమ్లా గారు వచ్చివెళ్ళిన రోజు నాన్న నాకు దూరంగా కోళ్ళగూడు దగ్గరే గడిపాడు. అరిసెలని అబద్ధం చెప్పినందుకేమో అనుకున్నాను. సాయంత్రం టీ తాగుతూ అన్నాడు: "నాకు గూడ గట్లనే ఉండె విశ్రాంతీ. నువ్వన్నా గది కట్టినవ్, నేను అది గూడ చెయ్యలే. ఈ సంగతి పిల్లకు నువ్వే రాయి. నేను రాస్తే నీమీద చాడీ చెప్పినట్టుంటది." ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకరికి తెలియకుండా ఒకరం అదే కోరికతో ఇన్నాళ్ళు తిరిగామన్నమాట. మొద్దుముఖాలం.

కాబట్టి బ్లెస్సీ, నువ్వు అడిగినదానికి నా జవాబు. మనస్ఫూర్తిగా అని రాయమన్నావు. నా మనసు ఇంకా పూర్తిగా రాలేదు, సగం దారిలో ఉంది, వస్తోంది. నేను మాత్రం ఒప్పుకుంటున్నాను. ఇది మదర్‌గారికి చూపించు, చాలదంటే మళ్ళీ రాస్తాను. పండుగనాడు మేమిద్దరం వస్తాం. ముందు వరుసలోనే కూర్చుంటాను. నీ పేరు పిలిచినప్పుడు ఏడుస్తాను, బహుశా గట్టిగానే. వద్దంటున్నానని మాత్రం అనుకోకు. వెనక్కి తిరిగి చూడకుండా నడువు.

ఇట్లు,
సిస్టరమ్మ తల్లి,
విశ్రాంతమ్మ