గారెలు తిని పెట్టిన పదకొండు సంతకాలు

దామర్ల అంకమ్మరావు అనే నేను, కీ.శే. నాగలింగం గారి కుమారుణ్ణి, వయస్సు డెబ్బై తొమ్మిది, మంగళగిరిలో మగ్గాల మధ్య పుట్టి, విజయవాడ పటమటలో బట్టల వ్యాపారం చేసి స్థిరపడినవాణ్ణి, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. నా మతి స్థిమితంగా ఉందని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ జతపరిచాను. ఇది చదివాక శ్రీ దీనబాంధవ సేవా సమితి వారికి మొట్టమొదట వచ్చే అనుమానం అదే కనుక.

1. నా పటమట ఇంటిని పై సమితికి రాసిన 2019 నాటి వీలునామాను రద్దు చేస్తున్నాను. కారణం చెప్పాలి. సమితి వారు ఉయ్యూరు రోడ్డులో ఇరవై ముగ్గురు దిక్కులేని వృద్ధురాళ్ళకు ఒక నిలయం నడుపుతున్నారు. ఆ లెక్కలు ఏటా తనిఖీ చేసే పని సర్వసభ్య సమావేశం నాకు అప్పగించింది. పదకొండేళ్ళు చేశాను. చేయడమంటే, వెళ్ళగానే శాలువా కప్పేవారు, అమ్మలతో పంక్తిలో కూర్చోబెట్టి అల్లం గారెలు, పులిహోర, పాయసం వడ్డించేవారు. ఇంత బాగా తినేవాళ్ళకి లోటేమిటని సంతకం పెట్టి వచ్చేవాణ్ణి. ఈ సంవత్సరం తారీఖు పొరబడి ఒకరోజు ముందు వెళ్ళాను. అమ్మల కంచాల్లో ముద్దయిన అన్నం, నీళ్ళ మజ్జిగ. వంట చేసే మాణిక్యం నన్ను చూసి కంగారుపడి ఒకే మాట అంది: "బాబుగారూ, గారెలు రేపు కదండీ."

ఏడాదికి ఆ ఒక్కరోజే వాళ్ళకు గారెలని, నా రాక కోసం ఆ ఇరవై ముగ్గురూ వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకుంటారని అప్పుడు తెలిసింది. అరవై ఏళ్ళుగా పుస్తకాలు చదువుతున్నాను. ధర్మం గురించి మూడు బీరువాల పుస్తకాలున్నాయి నా దగ్గర. నలభై పేజీల లెక్కల పుస్తకం మాత్రం ఆ రోజే మొదటిసారి తెరిచాను.

అందులో ఉన్నది ఇది. ఏడాదికి వచ్చిన విరాళాలు నలభై ఒక్క లక్షలు. ఆధ్యాత్మిక ప్రచారానికి, అనగా ఫ్లెక్సీలకూ ఫోటోలకూ సన్మానాలకూ, పద్నాలుగు. పరిపాలనకు, అనగా ప్రెసిడెంటు గారి కారుకు, పదకొండు. శాశ్వత నిధికి పది, అది ఏ బ్యాంకులో శాశ్వతంగా ఉందో ఎవరూ చెప్పరు. అమ్మల భోజనానికి ఆరు. మనిషికి రోజుకు డెబ్బై రూపాయల చిల్లర. అందులోనూ వంటింటిదాకా వచ్చేది సగమేనని మాణిక్యం అంటుంది. ఆవిడ మాట నమ్ముతాను.

2. నా కొట్టు, నా భార్య నగలు నా కూతురు రాజేశ్వరికి. ఈ సమితి సంగతి చూసుకో నాన్నా అని అది మూడుసార్లు చెప్పింది. భక్తి లేనివాళ్ళు మాట్లాడకూడదని మూడుసార్లూ కసిరాను. వాళ్ళమ్మ పెళ్ళిచీర మా నాన్న స్వయంగా నేసింది, బీరువా కింది అరలో ఉంది. అది కూడా దానికే. క్షమించమని నోటితో అడగలేకపోయాను, ఇక్కడ అడుగుతున్నాను.

3. సమితి ప్రెసిడెంటు వెంకటకృష్ణారావు గారికి, వారు నాకు కప్పిన పదకొండు శాలువాలు. ఒక్కొక్కటి రెండువేల ఎనిమిది వందలని బిల్లుంది. నేను బట్టల వ్యాపారిని. భుజమ్మీద పడగానే తెలుస్తుంది, మూడువందల నలభైకి మించదని. పదకొండుసార్లూ తెలిసింది. పదకొండుసార్లూ దణ్ణం పెట్టాను.

4. కోశాధికారి వేణుగోపాల్ నా భార్యకు తమ్ముడు. బియ్యం బిల్లుల మీదున్న కొట్టు ఫోను నంబరుకు చేస్తే ఇతనే ఎత్తాడు. అడిగితే, దేవుడి సొమ్ముకు దేవుడికే జవాబుదారీ బావగారూ అన్నాడు. దేవుడికి నకలు పంపినట్టు రికార్డుల్లో లేదు. ఇతనికి ఆ లెక్కలు చదివిన నా భూతద్దం ఇవ్వాలి. ఇంకేమీ ఇవ్వకూడదు.

5. బ్యాంకులో ఉన్న నా ముప్పై ఎనిమిది లక్షల మీద వచ్చే వడ్డీ, పటమట ఇంటి అద్దె కలిపి ఆ అమ్మల తిండికి, మందులకు. సమితి చేతికి ఒక్క రూపాయి వెళ్ళకూడదు. ఈ వీలునామా అమలు చేసే అడ్వకేటు భానుశ్రీ గారు బియ్యం, నూనె, పప్పులు, మందులు నేరుగా కొని నిలయానికి చేర్చాలి. ప్రతి నెలా ఒకటో తారీఖున సమితి వారు తమ లెక్కలు భోజనాల హాల్లో తెలుగులో గట్టిగా చదవాలి, సగంమందికి వినపడదు కనుక. అమ్మలు ప్రశ్నలడగవచ్చు. లెక్క చదవకపోయినా, జవాబు చెప్పకపోయినా ఆ సంగతి భానుశ్రీ గారు ఉత్తరం రాసి నాలుగు వందల పన్నెండు మంది దాతలకూ పోస్టు చేయాలి. ఖర్చు నాది. అమ్మల తిండి మాత్రం ఏ కారణం చేతా ఆగకూడదు.

6. మాణిక్యానికి రెండు లక్షలు, ఒక కొత్త గ్రైండరు. నిలయానికి లెక్కల్లో మూడుసార్లు గ్రైండరు కొన్నారు. ఆవిడ ఇంకా రోట్లోనే రుబ్బుతోంది.

7. నా పేరు ఏ రాతి పలక మీదా, ఏ ఫ్యాను రెక్క మీదా రాయించకూడదు. ఆ హాల్లో ఆరు ఫ్యాన్లున్నాయి, రెక్కకో దాత పేరు. తిరిగితే పేర్లు కనపడవని ఎండాకాలంలో కూడా ఆపి ఉంచుతారు. ఉత్తరక్రియల రోజున సమితి వారిచేత సంతాప సభ పెట్టించకూడదు. వాళ్ళు పెట్టితీరతామంటే మొదటి నిబంధన చదివి వినిపించాలి.

8. ఇంతవరకు రాసి సంతకం పెట్టబోయే ముందు మాణిక్యానికి చదివి వినిపించాను. అంతా విని, ఒకటో తారీఖున అడిగినవాళ్ళని రెండో తారీఖున పెట్టె ఇచ్చి పంపేస్తే ఎక్కడికి పోతారండీ అని అడిగింది. రెండేళ్ళ కిందట మందులు ఏమయ్యాయని అడిగిన వెంకటరావమ్మ గారిని అలాగే గేటు బయట దింపారట. ఆ ఏటి సమితి లెక్కల పుస్తకం తీసి చూశాను. ఆవిడ స్వచ్ఛందంగా వెళ్ళిపోయారని రాసి ఉంది. కింద నా సంతకం ఉంది.

9. కనుక ఇంటిని అద్దెకివ్వమన్న మాట కొట్టివేశాను. ప్రశ్న అడిగినందుకు నిలయం నుంచి పంపేసిన ప్రతి మనిషికీ పటమట ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు ఉంది. వాళ్ళ తిండి, మందులు కూడా పై సొమ్ములోంచే. ఎందుకొచ్చావని ఎవరూ అడగకూడదు. వెంకటరావమ్మ గారిని వెతికించాలి. బస్టాండులో, స్టేషనులో, పెద్దాసుపత్రిలో, గుళ్ళ ముందర, ఖర్చుకు చూడకుండా వెతికించాలి. వీధివైపు గది, గాలి బాగా వచ్చే గది, ఆవిడది. ఆవిడ దొరకకపోతే ఆ గదిలో మంచం వేసి, దుప్పటి మార్చుతూ, ఖాళీగానే ఉంచాలి.

ఇది నా సమ్మతిన, చదువుకుని చేసిన సంతకం.

విజయవాడ, 14 నవంబరు 2025
(సం.) దామర్ల అంకమ్మరావు

సాక్షులు:
1. డాక్టర్ సిద్ధార్థ, పటమట
2. ఫిలిప్, టైలరు, పటమట