తోకకు కట్టిన నిమ్మకాయ

ఏవండీ,

మీరు మన వరండాలో కూర్చుని ఏడాదిపాటు చేసిన రిమోట్ విమానం ఇవాళ మొదటిసారి ఎగిరింది. మీరు పోయాక ఫిల్మ్ నగర్ సినిమావాళ్లు అడిగితే, తెరమీదైనా ఎగురుతుందిలే అని ఇచ్చాను. జూబ్లీ హిల్స్ గుట్టల్లో షూటింగుకు వెళ్లాకే తెలిసింది, అది బండను గుద్దుకుని కాలిపోవాలట. ఇవ్వనన్నాను. మేనేజరు కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"కెమెరాలు పెట్టేశామమ్మా, ఇప్పుడు కాదంటే ఎలా?" అన్నాడాయన. చివరికి సరేనన్నాను.

కొబ్బరికాయ కొట్టి, దిష్టి తగలకుండా విమానం తోకకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. కాల్చబోయేదానికి దిష్టేమిటండీ! మీరు నేర్పినట్టే, బరువు సమంగా ఉందో లేదోనని రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి లేపి చూశాను. తోక కిందికి వాలిపోయింది.

మీ శిష్యుడు యాదగిరి రిమోట్ పట్టుకుని దగ్గరికొచ్చాడు. "అమ్మా, తోక బరువైంది. గిట్లనే ఇడిస్తే లేవదు, గీడనే గడ్డిల పడ్తది. ఎల్తురు పోతాంది, ఇయ్యాల మల్ల తియ్యరు. ఇంటికి తీస్కపోదాం. నేనెవ్వరికి చెప్ప," అన్నాడు మెల్లగా.

యాదగిరి మాటకు ఊఁ అనబోయాను. ఆసుపత్రి మంచం మీద మీరన్న మాట గుర్తొచ్చింది. "ఒక్కసారి ఎగిరితే చాలు నాకు."

నిమ్మకాయ ఊడదీశాను. అంత బాగా ఎందుకు చేశారండీ? చిన్న కుదుపైనా లేకుండా లేచింది.

"అమ్మా, సూడు!" అని యాదగిరి అరిచాడు.

చూశాను. బండ దగ్గరయ్యేదాకానే చూశాను.