ఫ్రిజ్‌లో పెట్టిన సీసా

అక్కకు, చెల్లెలు భవాని నమస్కరించి రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు కులాసాయేనా? మీ అత్తగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. ఫోన్‌లో చెప్పబోతే ఏడ్చేస్తానని ఉత్తరం రాస్తున్నాను.

బిలాస్‌పూర్‌లో ఎండలు మండిపోతున్నాయి. తోర్వా పేటలో నా గది సాయంత్రానికి పెనంలా కాలుతుంది. చుట్టూ హిందీయే, ఎక్కడైనా మన మాట వినబడితే ప్రాణం లేచివస్తుంది. నువ్వు పంపిన చింతకాయ పచ్చడి అయిపోయింది. వీలైతే ఇంకొంచెం పంపు.

"ఇంత చదివి కుక్కల ఉచ్చ చూస్తున్నావటే" అని నవ్వావు కదా. అవును, పశువుల క్లినిక్‌లో నా పని అదే. మూత్రాన్ని మెషీన్‌లో గిర్రున తిప్పి, పైనీళ్ళు పారబోసి, అడుగున మిగిలిన దాంట్లో ఒక చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూస్తాను.

పోయిన నెల ఊరి పక్కన లాల్‌ఖదాన్ నుంచి అప్పలస్వామి తాతగారు క్లినిక్‌కు వచ్చారు. మన శ్రీకాకుళం వైపు వాళ్ళే, ఇక్కడి రైల్వే లోకో షెడ్‌లో చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఆయన, ముసలి కుక్క మోతీ, అంతే. "ముక్కుతంది గాని ఉచ్చ సరిగ్గా పడనేదు తల్లీ. ఏటయ్యిందో సూడు" అని మోతీ ఉచ్చ పట్టిన సీసా చేతికిచ్చారు.

నాకేమో ఆకలి దంచేస్తోంది. సీసా ఫ్రిజ్‌లో పెట్టి భోజనానికి పోయాను. గంటన్నర తర్వాత తీసి చూస్తే స్ఫటికాలు, లెక్కలేనన్ని. చల్లబడితే సీసాలోనే అవి పుట్టుకొస్తాయని, అప్పటికప్పుడే చూడాలని, లేకపోతే కొత్తది అడగాలని నాకు తెలుసక్కా. తెలిసీ బద్ధకించాను. స్ఫటికాలు చాలా ఉన్నాయని రిపోర్టులో రాశాను, ఫ్రిజ్ సంగతి మాత్రం రాయలేదు. డాక్టరుగారు నన్ను నమ్మి, రాళ్ళు కడుతున్నాయని ఇంటి తిండి మాన్పించారు. కుక్కలకు అమ్మే పాకెట్ తిండి తప్ప ఏదీ పెట్టొద్దన్నారు.

రెండు వారాలకు మోతీ పూర్తిగా నీరసించింది. ఈసారి మూత్రం వెంటనే చూశాను. ఒక్క స్ఫటికమూ లేదు. స్కానింగులో మూత్రసంచిలో పెద్ద గడ్డ కనబడింది. నాలుగు రోజులకే మోతీ పోయింది. నా తప్పు డాక్టరుగారికి చెప్పాను. ఆయన చెడామడా తిట్టి, చివరికి, ముందే తెలిసినా అది బతికేది కాదులే అన్నారు.

కానీ తాతగారికి చెప్పొద్దూ? ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన, "అచ్ఛా, అయితే దానికి సేపల పులుసన్నం పెట్టుండొచ్చన్నమాట" అన్నారు. మళ్ళీ ఆయనే, "రోజూ నా కంచం కాడ కూకుని అడిగేది తల్లీ. నువ్వు రాసిన కాయితం సూసుకుని, దాన్ని బయట పెట్టి, తలుపేసుకుని తిన్నాను" అన్నారు.

తిట్టినా బాగుండేదక్కా.

బావకు, మీ అత్తగారికి నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. దీవించమని అడగడానికి ఈసారి మొహం చెల్లడం లేదు. అయినా అక్కవు కదా, దీవించు.

నీ చెల్లెలు
భవాని