నోరు తెరిచిన ఫోటో

సెప్టెంబర్ 4, ఆదివారం

కుమ్‌తెపా సంతకి వెళ్ళాను. ఇంట్లో చెప్పింది ఉల్లిపాయలకని. ఉల్లిపాయలు మర్చిపోయాను. ఫోటోలు మాత్రం బోలెడు తెచ్చుకున్నాను.

మా మార్గిలాన్ ఊరి జనంతో ఒకటే చిక్కు. కెమెరా కనబడనంతసేపూ ఎంత బాగా నవ్వుతారో. రొట్టెలమ్మే ఆవిడా, పట్టుగుడ్డల బేరగాళ్ళూ, పుచ్చకాయల కుప్ప పక్కన కూర్చున్న ముసలాయనా, అందరి నోట్లోనూ బంగారు పళ్ళే. ఎండ పడితే తళతళలాడతాయి. నేను కెమెరా ఎత్తానా, టక్కున నోరు మూత. పాస్‌పోర్ట్ ఆఫీసులో నిలబడ్డట్టు మొహం పెడతారు. వాళ్ళనని ఏం లాభం, ఆ పళ్ళని చూసి ఇప్పటి పిల్లలు ముసిముసిగా నవ్వుతుంటే ఎవరికి మాత్రం సిగ్గెయ్యదు?

ఈరోజు ఒక్కటి దొరికింది. ఎండుమిర్చి అమ్మే ఆవిడకి తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. దానికి తనే పకపకా నవ్వింది. నొక్కేశాను. స్క్రీన్ మీద చూపిస్తే చాలాసేపు చూసింది. ఇది నేనేనా అంది. అవునన్నాను. మా ఆయనకి మాత్రం చూపించకు అంది, అంతలోనే తన ఫోన్‌కి పంపమంది.

ఈ పని నాకు బాగా వచ్చు. ఇంకెవరూ అనరు కాబట్టి ఇక్కడ నేనే రాసుకుంటున్నా.

సెప్టెంబర్ 7, బుధవారం

మా మరిది ఇఖ్తియార్‌కి తాష్కెంట్ సంబంధం ఖాయమైంది. పిల్ల పేరు షోదియా. పెళ్ళి నవంబర్లో. ఇంతవరకూ శుభం.

తర్వాతది వినాలి. పిల్ల తరఫువాళ్ళు అత్తయ్యని ఇంకా చూడలేదు. ఫోటో అడిగితే వీడు నా పెళ్ళి గ్రూప్‌ ఫోటో తీసుకుని నేను పనిచేసే ఫోటో స్టూడియోకే వెళ్ళాడు, నేను లేని పూట చూసుకుని. అత్తయ్య జన్మలో నోరు తెరిచి నవ్విన ఫోటో అదొక్కటే. మా ఓనరు రసూల్ అకా, అందరికీ అన్నలాంటివాడు, అందులోంచి ఆవిడ మొహం కత్తిరించి, పెద్దది చేసి, అలవాటు చొప్పున బంగారు పళ్ళన్నీ తెల్లగా చేసేశాడు. ఆయన దృష్టిలో అది మర్యాద. ఎవరూ అడక్కపోయినా చేస్తాడు. మొటిమ తీసేసినట్టు బంగారం తీసేస్తాడు. పైగా అసలు ఫైలు మీదే సేవ్ చేశాడు మహానుభావుడు, పాతది పోయింది.

ఆ ఫోటో తాష్కెంట్‌లో అందరూ చూశారట. మీ అమ్మగారు సినిమా యాక్టర్‌లా ఉన్నారే అన్నారట. ఇప్పుడు వీడికి భయం పట్టుకుంది. భోజనాల దగ్గర నెమ్మదిగా ఎత్తాడు. అమ్మా, ఫెర్గానాలో మంచి డాక్టరున్నాడు, పెళ్ళిలోపు ఆ పళ్ళు మార్పించేసుకో అన్నాడు.

ఫోటోకి తగ్గట్టు మనిషిని మార్చాలన్నమాట. నేనేదో అనబోయాను. మా ఆయన బహ్రామ్ బల్ల కింద నా కాలు తొక్కాడు.

 అత్తయ్య తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని టీ తాగింది.

సెప్టెంబర్ 8, గురువారం

ఈరోజంతా అంతే. చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడింది. కోళ్ళతో కూడా.

సెప్టెంబర్ 11, ఆదివారం

అడిగేశాను. అత్తయ్యా, డాక్టర్ దగ్గరికి వెళ్ళేలోపు మీ ఫోటో ఒకటి తీస్తాను, నవ్వుతూ ఉన్నది అన్నాను. ఎందుకూ అంది. నాకు కావాలి అన్నాను. సమాధి రాయి మీద చెక్కించడానికి నోరు మూసుకున్న ఫోటో ఉందిగా, అది చాలంది. అంతటితో ఊరుకోకుండా, ఫోటో స్టూడియోలో కూర్చునే అమ్మాయికి వంటింట్లో సలహాలివ్వడం ఎక్కువైందని కూడా అంది.

స్టూడియోలో కూర్చునే అమ్మాయి. ఆరేళ్ళుగా నేను వాళ్ళకి అంతే. ఏడుపొచ్చింది. కోపం అంతకన్నా ఎక్కువ వచ్చింది.

కానీ ఆ ఫోటో తీయకుండా వదలను. ఈ ఇంట్లో ఆవిడ నవ్వు నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. నేను కోడలిగా వచ్చిన మొదటి వారం పులావ్ అడుగంటించాను. అందరూ మొహాలు చూసుకున్నారు. ఆవిడ ఒక్కతే నోరంతా తెరిచి నవ్వింది. ఆరోజు నేను పుట్టింటికి పారిపోకపోవడానికి ఆ బంగారమే కారణం.

సెప్టెంబర్ 15, గురువారం

నెలకోసారి ఒకరింట్లో ఆడవాళ్ళంతా కూడే విందు, గప్, ఈసారి మా ఇంట్లో. అత్తయ్య స్నేహితురాళ్ళంతా వచ్చారు. పాత పట్టు ఫ్యాక్టరీలో మగ్గాల దగ్గర పనిచేసినవాళ్ళే అందరూ. తినడం, ఎవరి కోడలి మీద వాళ్ళు చెప్పుకోవడం, నవ్వడం. నేను టీ పోస్తూ తిరుగుతున్నా. కెమెరా అలమరలో గిన్నెల వెనక ఉంది.

తుర్గునాయ్ పిన్ని తన మొగుడు గాడిదని కొనబోయి మోసపోయిన సంగతి మొదలుపెట్టింది. అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయింది. గది గదంతా బంగారం. కిటికీ వెలుతురు సరిగ్గా అత్తయ్య మొహం మీద.

తీశాను. ఒక్కటే.

క్లిక్ వినగానే నోళ్ళన్నీ మూతపడ్డాయి. ఎవరో కరెంట్ తీసేసినట్టయింది. అత్తయ్య లేచి నా దగ్గరికొచ్చింది. చూపించమంది. చూపించాను. ఎంత బాగా వచ్చిందో! నా జీవితంలో అంత మంచి ఫోటో తీయలేదు. ఫోకస్ కనురెప్పల మీద సూదిలా కూర్చుంది.

"నన్ను అడిగావా?" అంది అత్తయ్య.

అడిగాను, మీరు వద్దన్నారు అన్నాను. మరి వద్దంటే ఏమిటని అర్థం అంది. కొడుకు నా నోరు ఇలా ఉండాలంటాడు, కోడలు అలా ఉండాలంటుంది, నా నోరు ఎవరిదో నాకే తెలియడం లేదంది. అందరి ముందూ అంది.

నేనే డిలీట్ నొక్కాను. ఆవిడ చూస్తుండగా.

సెప్టెంబర్ 16, శుక్రవారం

పోయింది. తప్పు నాదే. అయినా ఆ ఫోటో మంచి ఫోటోనే.

సెప్టెంబర్ 20, మంగళవారం

ఇఖ్తియార్ ఫెర్గానా డాక్టరుతో మాట్లాడి శనివారానికి టైమ్ తీసుకున్నాడు. అత్తయ్య సరేనంది. నాతో మాటలు తక్కువ. ఉప్పు ఇలా ఇవ్వు, తలుపు వెయ్యి, అంతే. క్షమించమని అడిగాను. పిండి కలుపుతూ, సర్లే అంది. ఆ సర్లేలో ఏముందో తెలియలేదు.

స్టూడియోలో రసూల్ అకాతో గొడవ పెట్టుకున్నాను. ఇకమీదట నేను చేసే ఫోటోల్లో ఎవరి పళ్ళూ తెల్లబడవని చెప్పాను. అయితే కస్టమర్లు కూడా ఉండరన్నాడు. ఉండకపోతే పోనీ అన్నాను. ఆయన టీ చప్పరిస్తూ, నీకు పొగరమ్మా అన్నాడు. నిజమే, ఉంది. ఈ పనిలో ఆ మాత్రం లేకపోతే ఎలా?

సెప్టెంబర్ 23, శుక్రవారం

 వరసగా రాయాలి.

మధ్యాహ్నం నమాజ్‌కి రసూల్ అకా వెళ్ళాడు. షాపులో నేనొక్కదాన్నే. అత్తయ్య వచ్చింది. పెళ్ళిళ్ళకి వేసే రంగురంగుల అత్లస్ పట్టు గౌను వేసుకుంది. జుట్టు గట్టిగా దువ్వింది. పాస్‌పోర్ట్ స్టూల్ మీద కూర్చుని, తియ్యి అంది. నేను నోరెళ్ళబెట్టాను. తొందరగా తియ్యి, ఇంట్లో పాలు కాగబెట్టాలి అంది.

లైట్లు ఆన్ చేయబోయాను. వద్దంది, కళ్ళు మండుతాయట. స్టూల్ తలుపు దగ్గరికి జరిపాను. వీధి వెలుతురు చాలు. వెనక మామూలు గోడ. కెమెరా కంటికి పెట్టుకున్నాను. అనుకున్నట్టే నోరు మూసుకుపోయింది. ఆవిడకే చిరాకేసింది. ఏం చెయ్యను, దానంతటదే మూసుకుంటోంది అంది. నవ్వమని నేను అనలేదు. మళ్ళీ అనను. ఆ పళ్ళు ఎప్పుడు వేయించుకున్నారు అని మాత్రం అడిగాను.

చెప్పింది. పెళ్ళయిన కొత్తలో. మగ్గం మీద అందరికన్నా ఎక్కువ నేసిందని ఫ్యాక్టరీలో బోనస్ ఇచ్చారు. అది వాళ్ళ అత్తగారి చేతికే వెళ్ళాలి, తివాచీకని అప్పటికే అనుకున్నారు. ఈవిడ గేటు దాటి ఇంటివైపు నడవాల్సింది, ఫెర్గానా బస్సెక్కింది. అందరికీ కనబడేలా పైవరస వేయించుకుంది. వెళ్ళేటప్పుడు ధైర్యమే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో భయం పట్టుకుందట. ఇంటికొచ్చి నోరు తెరవలేదు. పంటినొప్పి అని చెప్పి సైగలతో గడిపింది. అన్నం కూడా గోడవైపు తిరిగి తినేది. అలా కొన్నాళ్ళు నడిచాక, ఒక సాయంత్రం వాళ్ళ మామగారు వాకిట్లో బాతు వెంట పడి కాలవలో పడ్డాడు. ఆపుకోలేక నవ్వేసింది. ఇంటిల్లిపాదీ ఆవిడ నోటివంక చూస్తూ నిలబడిపోయారట.

అత్తగారు ఏమన్నారని అడిగాను.

"ఏమీ అనలేదు. ఆ రాత్రి దీపం పట్టుకొచ్చి నా నోట్లోకి బాగా చూసింది. మరుసటేడు తనూ వేయించుకుంది."

అంటూనే నవ్వింది. దీపం పట్టుకుని నోట్లోకి చూస్తున్న ఆ ముసలావిడ తన ఎదురుగా ఉన్నట్టే, గొంతులోంచి నవ్వింది. నేను నొక్కుతూనే ఉన్నాను. ఈసారి క్లిక్ విని నోరు మూయలేదు. లెన్స్‌లోకి సూటిగా చూసింది, గడ్డం కొంచెం పైకెత్తి. నన్ను చూడండి అన్నట్టు.

తర్వాత తలగుడ్డ సర్దుకుంటూ అంది: "ఎవర్నీ అడక్కుండా నేను చేసిన పని ఇదొక్కటేనే పిల్లా."

మరి రేపు డాక్టర్ దగ్గరికి వెళ్ళరుగా అన్నాను. ఎందుకు వెళ్ళను, వెళ్తాను, కానీ రేపు కాదంది. ముందు ఈ ఫోటో ప్రింట్ తీయించి తాష్కెంట్ పంపించాలట. షోదియావాళ్ళు చూడాలట. చూసి, సరేనంటే పెళ్ళి. లేదంటే ఆ తెల్లపళ్ళ ఫోటోనే వియ్యపురాలిగా తెచ్చుకోమని చెప్పమంది.

సెప్టెంబర్ 24, శనివారం

ఇంట్లో యుద్ధం. ఇఖ్తియార్ నా మీద పడ్డాడు. వదినా, నా సంబంధం చెడగొట్టి నీకేం వస్తుంది అన్నాడు. నీ ఫోటోల పిచ్చికి మా అమ్మే దొరికిందా అన్నాడు.   వాడి మొహం చూస్తే జాలేసింది. ఆ పిల్లంటే వాడికి ప్రాణం.

అత్తయ్య వాడికి ప్రింట్ ఇచ్చి, పోస్టులో నువ్వే వెయ్యి అంది. బహ్రామ్ ప్రింట్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. అమ్మ ఇలా ఉంటుందని మర్చేపోయానన్నాడు. ఈసారి నా కాలు తొక్కలేదు.

పోస్టులో ఇఖ్తియారే వేశాడు. ఏడుపు మొహంతో.

సెప్టెంబర్ 28, బుధవారం

జవాబు లేదు.

సెప్టెంబర్ 30, శుక్రవారం

ఇంకా లేదు. ఇఖ్తియార్ అన్నం తినడం లేదు. సంబంధం తప్పిపోతే నా గతేమిటి? ఈ ఇంట్లో ఇంకో పులావ్ అడుగంటించే హక్కు కూడా ఉండదు నాకు. అత్తయ్య మాత్రం నిమ్మళంగా అంజూర పళ్ళ జామ్ చేస్తోంది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేసింది.

అక్టోబర్ 1, శనివారం

ఫోన్ వచ్చింది. షోదియానే చేసింది, స్పీకర్ పెట్టించి అందరం విన్నాం. ఉత్తరం నిన్ననే అందిందట. ఆ పిల్ల మొదట వాడిని తిట్టింది. ముందు పంపిన ఫోటో ఎవరిది, అమ్మని మార్చి చూపించినవాడివి రేపు నన్నేం మారుస్తావు అంది. ఇఖ్తియార్ చెవులు ఎర్రబడిపోయాయి. బాగా అయింది. పిల్ల నాకు నచ్చింది.

తర్వాత అత్తయ్యని అడిగింది, ఆ ఫోటో తీసిందెవరని. వాళ్ళ నాయనమ్మకి కూడా అలాంటిదే ఒకటి తీయించాలట. ఆవిడ ఇరవయ్యేళ్ళుగా కెమెరా ముందు కూర్చోలేదట.

అత్తయ్య ఫోన్ దగ్గరికి వంగి, "మా పెద్దకోడలు. ఫోటోగ్రాఫర్," అంది.

అంతే అంది. నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. సంతోషానికే. గర్వంతో గుండె ఇంత లావయింది. పక్కింటివాళ్ళకి వినబడితే వినబడనీ.

అక్టోబర్ 5, బుధవారం

అత్తయ్యని నేనే ఫెర్గానా తీసుకెళ్ళాను. దారంతా బతిమాలాను. ఇప్పుడింక ఎందుకు, ఉంచుకోండి, వాళ్ళకే ఇష్టమైందిగా అన్నాను. బస్సు దిగేదాకా విని అప్పుడు చెప్పింది. రెండు పళ్ళు లోపల పుచ్చిపోయి రెండేళ్ళుగా సలుపుతున్నాయట. కొడుకు చెప్పాడని వెళ్ళినట్టు అవుతుందని ఇన్నాళ్ళూ ఓర్చుకుందట.

నేను ఆవిడ బంగారాన్ని కాపాడుతున్నా అనుకున్నాను. ఆవిడకి కావలసింది బంగారం కాదు. బస్సు తనే ఎక్కాలి. తనే దిగాలి.

వరసంతా ఒకేసారి మార్చమని తనే చెప్పింది, సాయంత్రానికి తెల్లపళ్ళు. కొత్తగా ఉంది. నోరు తెరిచి రెండుసార్లు నాకు చూపించి, ఎలా ఉన్నాయంది. బాగున్నాయి అన్నాను. నిజంగానే బాగున్నాయి. ఇంటికొచ్చాక ప్రింట్‌ని ముందు గదిలో, వచ్చినవాళ్ళందరికీ కనబడే చోట వేలాడదీసింది.

అక్టోబర్ 9, ఆదివారం

అత్తయ్య స్టూడియోకి వచ్చింది. నన్ను స్టూల్ మీద కూర్చోబెట్టి, కెమెరా లాక్కుంది. నవ్వు అంది.

నా నోరు మూసుకుపోయింది. దానంతటదే.

ఆవిడ దగ్గరికొచ్చి చెవిలో ఒక మాట చెప్పింది. అదేమిటో ఇక్కడ కూడా రాయను. ఫోటోలో నా తల సగమే వచ్చింది, మిగతాదంతా తెరిచిన నోరే. వీధిలోకి కనబడేలా షాపు ముందు అద్దంలో పెట్టాను.