మైనస్ ఏడు నిమిషాల స్నానం

జూన్ 9, సోమవారం. పొద్దున 6:10

నిర్ణయం తీసుకున్నాను! ఈ రోజు నుంచి మా ఇంటి బాత్రూమ్‌ను షెడ్యూలర్ నడుపుతుంది.

ఎందుకంటే: చిక్కడపల్లిలో మా ఇంట్లో ఉన్నది నలుగురం. రిటైరైన నాన్న విఠల్, అమ్మ రాజకుమారి, నా భార్య నవత, అభిజిత్ అనే నేను. బాత్రూమ్ ఒక్కటే. పోయినసారి గ్రూప్స్ పరీక్షకు నవత ఒక్క నిమిషం ఆలస్యంగా గేటు చేరింది. లోపలికి రానివ్వలేదు. అంత చదువూ గేటు బయటే ఆగిపోయింది. ఆ పొద్దున బాత్రూమ్‌లో నాన్న తీరిగ్గా వీపు రుద్దుకుంటున్నారు. అదీ సంగతి. వచ్చే ఆదివారం మళ్లీ పరీక్ష. సెంటర్ నారాయణగూడ. ఈసారీ ఆమె లేటయితే నా మొహం అద్దంలో నేనే చూసుకోలేను.

కంప్యూటర్‌లోనూ ఇదే బాధ. ప్రాసెసర్ ఒకటి, పనులు బోలెడు. ఎవరి వంతు ఎప్పుడో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండే షెడ్యూలర్ చెబుతుంది. ఎక్కువ వాడుకున్నవాళ్లు వెనక్కి, వాడుకోనివాళ్లు ముందుకి. ఆఫీసులో నేను ఇప్పుడు నేర్చుకుంటున్నది సరిగ్గా ఆ పనే. ఇంతకంటే మంచి ముహూర్తం ఉంటుందా!

7:00. తలుపుకు అయస్కాంతం గడియ బిగించాను. పక్కన చిన్న తెర, నాలుగు మీటలు. తెర మీద పేరు వచ్చినవాళ్లు తమ మీట నొక్కితేనే తలుపు తెరుచుకుంటుంది. ఒక్కో వంతు, మా భాషలో టైమ్ స్లైస్, నాలుగు నిమిషాలు. బీప్ అంటే బయటికి రావాలి. పని మిగిలితే మళ్లీ వరుసలో నిలబడాలి.

7:15. షెడ్యూలర్‌లో ‘మంచితనం’ అని ఒక అంకె ఉంటుంది. మైనస్ ఇరవై నుంచి ఇరవై దాకా. ఎవరికెంత కావాలో అడిగాను.

నాన్న: "ఇరవై పెట్టు. నా అంత మంచోడు చిక్కడపల్లిల ఎవడున్నడు?"

నవత: "నాకు సున్నా చాలు. సదువుకునేది ఉన్నది, సతాయించకు."

అమ్మ: "నాదేముందిరా, ఏదో ఒకటి రాయి."

ఆమెకూ ఇరవై రాశాను. నేను రెండు తీసుకున్నాను, మర్యాదగా ఉంటుందని.

జూన్ 10, మంగళవారం

నాన్నకు పదింటి దాకా వంతు రాలేదు! మంచితనం ఎక్కువంటే అందరికీ దారి వదిలి వెనక నిలబడటం. షెడ్యూలర్‌లో దాని అర్థమే అది. ఈ సంగతి నిన్న చెప్పడం మర్చిపోయాను.

"మంచోనికి ఇదేనారా మర్యాద? కొట్టెయ్ ఆ ఇరవై. మైనస్ ఇరవై రాయి. నేను పక్కా చెడ్డోన్ని!"

మార్చాను. అమ్మ నవ్వింది. ఆమెది మార్చనా అని అడగలేదు. ఆఫీసుకు టైమైపోయింది.

సాయంత్రం. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర మా ఆఫీసు నగేష్ కలిశాడు. "అన్నా, చాయ్ వన్ బై టూ చెప్దమా?" అన్నాడు. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో చుక్క పెట్టిన దశాంశాలకు ప్రవేశం లేదు. అక్కడ పూర్ణాంకాలే. ఈ వారమంతా నేనూ అలాగే బతకాలని ఒట్టు పెట్టుకున్నాను. పూర్ణాంకాల్లో ఒకటి బై రెండు అంటే, చుక్క తర్వాతిది కొట్టేస్తారు కాబట్టి, సున్నా. అదే చెప్పాను. నగేష్ ఒక్కడే తాగాడు.

జూన్ 11, బుధవారం. పొద్దున

ఘోరం! వంతు తర్వాత వంతు నాన్నదే. బీప్ అనగానే బుద్ధిగా బయటికొస్తున్నారు, వెంటనే మళ్లీ ఆయన పేరే వస్తోంది, బుద్ధిగా లోపలికి వెళ్తున్నారు.

కారణం దొరికింది. ఎవరు ఎంత వాడుకున్నారో దానిలో మూడింట రెండొంతులు గుర్తుపెట్టుకోమని లెక్క రాశాను. పూర్ణాంకాల్లో రెండు బై మూడు కూడా సున్నాయే! మిషన్ అంతా మర్చిపోతోంది. నాన్న తువ్వాలు బిగించుకునేలోపు, ఈయన పుట్టాక నీళ్లే చూడలేదని నమ్మేస్తోంది. పైగా ఆయన పక్కా చెడ్డోడు కాబట్టి ముందు వరుస.

నవత స్నానం లేకుండానే అశోక్‌నగర్ స్టడీ హాల్‌కు బయల్దేరింది. "నాకు ఇయ్యాల మోడల్ టెస్ట్ ఉన్నది అభీ. నీ మిషన్‌కు గూడ ఒకటి పెట్టుకో" అంది. తగిలింది.

మధ్యాహ్నం. ఆఫీసుకు సెలవు పెట్టాను. బాత్రూమ్ సమస్య అన్నాను. మేనేజర్ ఇంకేమీ అడగలేదు.

మందు ఇది: ప్రతి అంకెనూ 16384తో గుణించి దాచుకోవాలి. టైలర్ ఒకటింబావు మీటరు అనకుండా నూట పాతిక సెంటీమీటర్లు అన్నట్టు. చుక్క కనబడదు, పావు ఎక్కడికీ పోదు. దీన్నే ఫిక్స్‌డ్ పాయింట్ లెక్క అంటారు. అన్ని చోట్లా దిద్దాను. నేను మేధావిని కావచ్చు.

జూన్ 12, గురువారం

పనిచేసింది!!! నవత మొదటి వంతు, నేను రెండో వంతు. నాన్న బీప్ వినగానే ఒళ్లంతా సబ్బు నురగతో వచ్చి, వరండాలో కుర్చీ వేసుకుని, మళ్లీ వంతు వచ్చేదాకా పేపరు చదువుకున్నారు.

పాలు పోసే లక్ష్మయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంది సార్ గిది?"

"టైమ్ స్లైస్" అన్నారు నాన్న, పేపరు తిప్పుతూ.

నవత పగలబడి నవ్వింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని! ఆ నవ్వు కోసం నేను బాత్రూమ్‌కే కాదు, నారాయణగూడ చౌరస్తాకైనా షెడ్యూలర్ రాస్తాను.

జూన్ 13, శుక్రవారం

చిన్న చిన్న ఫిర్యాదులు. బీప్ వినబడలేదని నాన్న. నాలుగు నిమిషాల్లో తలస్నానం ఎలా అవుతుందని నవత. "జుట్టు సగం తడిసినంక బయటికి రమ్మంటే ఎట్ల?"

సగం అనే మాట ఈ వారం మనింట్లో వాడొద్దన్నాను. ఆమె చూసిన చూపు ఇక్కడ రాయను.

వంతును ఎనిమిది నిమిషాలు చేశాను. ఇది ఓడిపోవడం కాదు. దీన్ని ట్యూనింగ్ అంటారు.

జూన్ 14, శనివారం

అంతా సవ్యంగా ఉంది. రేపే పరీక్ష. ఏదీ ముట్టుకోవద్దని నగేష్ ఫోన్ చేసి మరీ చెప్పాడు. ముట్టుకోలేదు. బీప్ శబ్దం మాత్రం కొంచెం మధురంగా మార్చాను.

జూన్ 15, ఆదివారం

8:30. నవత చివరిసారి నోట్స్ తిరగేస్తోంది. బాత్రూమ్ ఖాళీగా ఉందని నాన్న లోపలికెళ్లారు. పర్వాలేదు. ఆయన ఎంతసేపు ఉంటే అంత వెనక్కి పోతారు, నవత ముందుకొస్తుంది. లెక్క ఉంది కదా!

8:55. నవత మీట నొక్కింది. తెర మీద: విఠల్.

9:03. మధురమైన బీప్. తెర మీద: విఠల్.

9:11. విఠల్.

"నాన్నా, బయటికి రండి!"

"నేను తలుపు తీసి చూసిన! నా పేరే ఉన్నది. రూల్ తప్పే మనిషిని గాదు నేను!"

ల్యాప్‌టాప్ ముందేసుకున్నాను. గేటు 9:45కి మూస్తారు. నవత తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉంది. గడియారం వైపే చూస్తోంది. తిట్టినా బాగుండేది.

9:19. దొరికింది! వాడుకున్న నిమిషాలనూ, ఆ మూడింట రెండొంతులనూ 16384తో పెంచి దాచాను కదా, వాటిని మళ్లీ ఒకదానితో ఒకటి గుణిస్తే అది ఏనుగంత అవుతుంది. నేను ఇచ్చిన చోట్లో రెండు వందల పద్నాలుగు కోట్ల దాకానే పడుతుంది. దాటితే అంకె తిరగబడి మైనస్ అయిపోతుంది. ఎవరైనా పన్నెండు నిమిషాలు దాటితే చాలు. నాలుగు నిమిషాల వంతులప్పుడు ఎవరూ అంత దూరం పోలేదు. ఎనిమిది చేసింది నేనే. పదమూడో నిమిషానికి, మిషన్ లెక్కలో, నాన్న చేసిన స్నానం మైనస్ ఏడు నిమిషాలు! అంటే ఆయన వాడుకోలేదు సరికదా, ఇల్లే ఆయనకు ఏడు నిమిషాలు బాకీ!

ఎంత అందమైన తప్పు! ఆ సంబరం చెబుదామని తలెత్తాను. నవత కళ్లలో నీళ్లు.

"గేటు మూస్తరు అభీ" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "ఒక్క నిమిషం. ఒక్క లైను మారిస్తే చాలు."

ఒక్క నిమిషం! పోయినసారి ఆమె పోగొట్టుకున్నది సరిగ్గా అంతే.

అప్పుడే ఫ్యాన్ ఆగింది, లైటు పోయింది, తెర ఆరిపోయింది. అమ్మ స్టూలెక్కి మెయిన్ స్విచ్ ఆపేసింది. కరెంటు లేక అయస్కాంతం వదిలేసింది. తలుపు మెల్లగా దానంతట అదే తెరుచుకుంది. లోపల నాన్న, తువ్వాలులో, చేతిలో మగ్గుతో.

"బయటికి రా నువ్వు!" అంది అమ్మ. "పిల్ల పరీక్షకు పోవాలె!"

నాన్నను ఎప్పుడూ మీరు అనే మనిషి. ఆ ‘నువ్వు’కు నాన్న మగ్గుతో సహా వచ్చేశారు.

నవత అయిదు నిమిషాల్లో తయారైంది. బండి మీద నారాయణగూడ ఎలా చేరామో నాకు గుర్తులేదు. గేటు ఇంకా తెరిచే ఉంది. ఆమె లోపలికి పరిగెత్తింది, మధ్యలో ఒకసారి తిరిగి చెయ్యి ఊపింది. నేను అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను.

11:00. ఇల్లు. తెర చూస్తుంటే ఒకటి తట్టింది. వారం మొత్తంలో దాని మీద అమ్మ పేరు నేను చూడనే లేదు.

"అమ్మా, ఈ వారం స్నానం ఎక్కడ చేసినవ్?"

"పక్కింటి కీర్తనోళ్ల ఇంట్ల. ఏమాయె?"

"నాకు చెప్పొద్దా?"

"నువ్వు మస్తు సంబరంగ ఉంటివి బిడ్డా. ఎందుకులే అనుకున్న."

ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ ఉంది. తలెత్తకుండానే అడిగింది.

"నాకు మంచితనం ఎంత పెట్టినవ్రా?"

"ఇరవై."

"జర తగ్గియ్యి."

జూన్ 16, సోమవారం. పొద్దున 6:10

నిర్ణయం తీసుకున్నాను! పెద్ద అంకెలకు పెద్ద చోటు ఇచ్చాను, ఇక ఏదీ తిరగబడదు. బాత్రూమ్ జోలికి రానని నవత నాతో ఒట్టు వేయించుకుంది కాబట్టి, ఈ రోజు నుంచి మా ఇంటి గ్యాస్ పొయ్యిని షెడ్యూలర్ నడుపుతుంది. బర్నర్లు రెండు. అంటే రెండు ప్రాసెసర్లు! ఎవరి టిఫిన్ ముందో, ఎవరి చాయ్ ముందో, ఇక గొడవే ఉండదు.

6:30. మంచితనం మళ్లీ అడిగాను. నాన్న మైనస్ ఇరవై. నవత మైనస్ ఇరవై.

అమ్మ: "నాకు మైనస్ యాభై."

"అంత కిందికి పోదమ్మా. మైనస్ ఇరవై దగ్గర ఆగుతది."

"పోయేటట్టు చెయ్యి."

6:50. చేశాను. ఎవరో ఒకరు ఇరవై తీసుకోవాలి కదా, అది నేను తీసుకున్నాను.

10:40. ఇంకా టిఫిన్ రాలేదు. లెక్క సరిగ్గానే నడుస్తోంది.