నీలి అంచు కంచాలు

రాజమండ్రి,
ఆగస్టు 14, 1999.

అమ్మకి సూర్యకళ నమస్కారాలు. మేం ముగ్గురం కులాసాగానే ఉన్నాం. శ్రీదుర్గ జలుబు కూడా తగ్గి బడికి వెళుతోంది. నీ మోకాళ్ళ నొప్పి తప్ప అక్కడంతా క్షేమమని రాయించావు, ఆ నొప్పి కూడా తొందరగా తగ్గాలి. ఊడ్పులు అయిపోయాయంటే సంతోషం. ఇక్కడ గోదారి ఎర్రగా, నిండుగా పారుతోంది.

కొత్త ఫ్లాటులో సర్దుడు ఇప్పటికి పూర్తయింది. "ఇంట్లో స్టీలు కంచాలు లేవా, ఆ పింగాణీ కంచాలకి అంత సంబరమేంటే" అని అడిగావు. ఉన్నాయమ్మా. నువ్వు నా పేరు కొట్టించి ఇచ్చినవన్నీ అటక మీద భద్రంగా ఉన్నాయి. కానీ కొత్తిల్లు, కొత్త డైనింగ్ టేబులు, వాటికి తగ్గట్టు అందమైనవి కావాలని నా పిచ్చి. మెయిన్‌రోడ్డులో కొట్టుకి మూడుసార్లు తిరిగాను. మీ అల్లుడుగారు "పూలున్నవి తీసుకో, నిండుగా ఉంటాయి" అని ఒకటే పోరు. నేను వింటేగా! తెల్లటి కంచం, అంచున సన్నటి నీలి గీత, అంతే. కొట్టతను గడ్డిలోంచి ఒక్కొక్కటీ తీసి ఇస్తుంటే, నువ్వు సంతలో కుండ వాయించి చూసినట్టు నేనూ గోటితో కొట్టి చూశాను. ఖంగుమన్నవి ఉంచి, బీటతో మందంగా పలికిన రెంటినీ వెనక్కి ఇచ్చేశాను. "మేడంగారితో కష్టమండి బాబూ" అన్నాడతను. కప్పులు మాత్రం చేత్తో చేసినవి. ఏ రెండూ ఒక్కలా ఉండవు, పట్టుకుంటే చేతిలో ఒద్దికగా కూర్చుంటాయి.

పసుపు మరక పడుతుందా అన్నావు. వెంటనే కడిగితే పడదు. ఎంగిలి పీల్చుకుంటుందేమో అని నీ అనుమానం. పైన గాజులాంటి పూత ఉంటుందమ్మా, ఏదీ లోపలికి పోదు.

ఇక నీ చివరి ప్రశ్న. "ఆషాఢంలో అరటిగెల పట్టుకెళ్ళిన పెదబాబు ఒక్క పూటైనా ఉండకుండా ఎందుకొచ్చేశాడు? శ్రావణమాసం చీర ఇచ్చి రమ్మంటే ఖాళీ లేదంటున్నాడు. ఏవన్నా అనుకున్నారా?" అని. మూడు రోజులుగా ఈ కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాను. కంచాల గురించి ఇంత సోది రాసింది కూడా ఈ మాట దాకా రావడానికి భయపడే. చెప్పడానికి సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆరోజు మీ అల్లుడుగారి మేనేజరు భార్య సత్యకుమారిగారిని భోజనానికి పిలిచాను. అసలు పిలిచింది కంచాలు చూపించుకోవడానికే. వడ్డన మొదలెట్టేసరికి అన్నయ్య వచ్చాడు. మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన పంచె, వానకి తడిసిన జుట్టు, భుజం మీద చక్కెరకేళి గెల. ఆవిడ "పొలం నుంచి వస్తున్నారా?" అంది. "అవునండి, పాపకి గెల తెచ్చానండి" అన్నాడు. మా అన్నయ్యండీ అని అప్పుడే చెప్పాల్సింది. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. అక్కడే ఉంది నా నీచం.

ఆవిడే "ఆయన్నీ కూర్చోమనండి" అంటే కూర్చోబెట్టాను. తృప్తిగా తిన్నాడు. తిన్నాక మనింట్లో అందరూ చేసే పనే చేశాడు. గ్లాసులో నీళ్ళు కంచంలో పోసుకుని చెయ్యి కడుక్కున్నాడు. నీలి గీత మీదికి మజ్జిగనీళ్ళు, పసుపు తరకలు వచ్చాయి. ఆవిడ చూపు దాని మీదే ఆగిపోయింది. నా తల కొట్టేసినట్టయింది. అన్నయ్య తువ్వాలు దులుపుకోవడానికి బాల్కనీలోకి వెళ్ళగానే, "మీ పాలేరా?" అని మెల్లిగా అడిగింది.

"ఆఁ" అన్నానమ్మా. అంతే అన్నాను.

బాల్కనీ తలుపు తీసే ఉంది. అన్నయ్య లోపలికొచ్చి, నా వంక చూడకుండా తన కంచం తీసుకెళ్ళి సింకులో కడిగి, తుడిచి, బోర్లించాడు. గుమ్మంలో చెప్పులేసుకుని "వెళ్ళొస్తానండమ్మగారూ" అన్నాడు. నా పరువు పోకూడదని పాలేరులాగే చెప్పి వెళ్ళాడు. నాన్న పోయాక తన చదువు మానేసి నన్ను చదివించిన మనిషి. వెనకాల పరిగెత్తాల్సింది. ఆవిడకి పెరుగు వడ్డిస్తూ ఉండిపోయాను.

నిన్న సత్యకుమారిగారింటికెళ్ళి నిజం చెప్పాను. "అయ్యో, అప్పుడే చెప్పకపోయారా! మా నాన్నగారు కూడా కంచంలోనే కడుక్కునేవారండి. వద్దంటే ఊరుకునేవారు కాదు" అని నవ్వేసింది. ఆవిడ తిట్టినా బాగుండేది. ఆ నవ్వుకి నేను ఇంకా కుంచించుకుపోయాను.

అమ్మా, నీ కళ్ళకి అక్షరాలు ఆనవు. నువ్వు చెబుతుంటే రాసేదీ, నా ఉత్తరం చదివి వినిపించేదీ అన్నయ్యే. "పెదబాబు ఎందుకొచ్చేశాడు" అన్న ప్రశ్న కూడా అన్నయ్య చేతిరాతలోనే ఉంది. అక్షరం వంకర పోకుండా రాశాడు. అది చూసి ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

అన్నయ్యా, నీ సంగతి నాకు తెలియదా? ఈ పేజీ రాగానే దాటేసి, "అంతా కులాసాయేనంటమ్మా" అని చెప్పి ఉత్తరం మడిచేస్తావు. అలా చెయ్యకు. నాకోసం చేసింది చాలు. ఒక్క ముక్క వదలకుండా గట్టిగా చదువు. అమ్మ తిట్టినన్ని తిట్లూ నీ చేత్తోనే రాసి పంపు, ఒక్కటి కూడా తగ్గించకు. ఆ తర్వాత నా గుమ్మం తొక్కాలో వద్దో నీ ఇష్టం. రమ్మని అడిగే మొహం నాకు లేదు.

ఇట్లు,
పెదబాబు చెల్లెలు
సూర్యకళ