ఆదివారం వాన

పుంగనూరు,
9-7-2024, మంగళవారం.

జెమీమా తల్లీ,

జర్నల్‌కు పంపిన నీ వ్యాసం వాళ్లడిగిన ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయిందని రాశావు. రోజూ వాన కొలిచి నేను అంకెలు రాసుకున్న పుస్తకాల మీద కట్టిన వ్యాసం కాబట్టి దానికి జవాబు చెప్పాల్సింది నేనే. మూడుసార్లు చదివాను. "1993 నుంచి 2023 దాకా పుంగనూరులో ఏ ఆదివారమూ చుక్క వాన పడలేదు. ఎందుకు?" లెక్కవేశాను. మొత్తం 1,618 ఆదివారాలు. ఇంతవరకు ఒక్కరూ అడగని ప్రశ్న, అడిగినవాడెవరో చూడాలని ఉంది.

సరైన జవాబు లేకపోతే వ్యాసం వేయరని, నీ పీహెచ్‌డీ ఇంకో ఏడాది వెనక్కి పోతుందని అన్నావు. పెరట్లో వాన కొలిచే గేజి ఇన్నేళ్లలో ఎప్పుడూ కదపలేదు. పొద్దున ఎనిమిదింటికి కొలిచేది నేనే, రాసేది నేనే.

పాలు పోయడానికి వచ్చిన అక్కమ్మకు ఈ సంగతి చెప్పాను. "ఏంది టీచరమ్మా, మీ దేవుడు ఆదివారం వానకు గూడా సెలవిచ్చినాడా? మా ఆవులు ఆ పొద్దు గూడా తడస్తానే ఉండాయే!" అంది. నాకు నవ్వు రాలేదు.

పాత పుస్తకాలు మదనపల్లెలో మీ నాన్న ప్రతాప్ దగ్గరున్నాయి. చూసి రాస్తాను. అంతవరకు ఏ జవాబూ పంపకు.

ఆశీస్సులతో,
మీ అవ్వ ప్రిస్కిల్లా.


మదనపల్లె,
13-7-2024, శనివారం.

నా జెమీమా,

పుస్తకాలు చూడటానికి వచ్చానన్నది సాకు. జవాబు నాకు మొన్న ఉత్తరం రాసినప్పుడే తెలుసు. రాయడానికి చేయి రాలేదు.

ఆదివారం నేను గేజి ముట్టను. మీ తాత దేవసహాయం చర్చి పెద్ద. ఆ రోజు పని చేయకూడదని మా ఇంట్లో బట్టకు సూది కూడా దించేవాళ్లం కాదు. ఆదివారం కొలవాల్సిన నీళ్లు గేజిలోనే ఉండి మరుసటి రోజు నీళ్లతో కలిసేవి. రెండూ కలిపి సోమవారం గడిలో వేసేదాన్ని. అంతవరకు ఫరవాలేదు. కానీ ఆదివారం గడి ఖాళీగా ఉంటే నేను ఓర్చుకోలేను. బడిలో ఏ బిడ్డ పుస్తకంలోనైనా ఖాళీ గడి కనబడితే ఎర్రసిరాతో చుట్టినదాన్ని. అందుకని అక్కడ సున్నా పెట్టాను. వాన లేదని కాదు, నేను చూడలేదని. ఆ తేడా నాకొక్కదానికే తెలుసు.

నీకు పదేళ్లప్పుడు, దసరా సెలవుల్లో, వానలో పెరట్లోకి పోకుండా గడిలో 4 అని రాశావు. నీ అరచేతి మీద బెత్తంతో నాలుగు వేశాను. "చూడకుండా రాసిన అంకె అబద్ధం" అన్నాను. అప్పటికే నా పుస్తకంలో అట్లాంటి అంకెలు ఎనిమిది వందల పైచిలుకు ఉన్నాయి. నువ్వు ఏడవకుండా చేయి వెనక్కి పెట్టుకుని నిలబడటం ఈ నాలుగు రోజులుగా నాకు కనిపిస్తూనే ఉంది.

"గేజి పాడయిందని రాసేస్తాలే అవ్వా, నీ పేరు పోకుండా ఉంటుంది" అని, నేనింకా ఏమీ చెప్పకముందే, నిన్న ఫోనులో అన్నావు. వద్దు. గేజి ఏ తప్పూ చేయలేదు. నేను చేసింది చేసినట్టు, నా పేరుతోనే రాయి. వ్యాసం తిరిగొస్తే రానీ.

నిన్ను కొట్టిన చేత్తోనే రాస్తున్న,
మీ అవ్వ.


పుంగనూరు,
20-10-2024, ఆదివారం.

జెమీమా,

వ్యాసం తీసుకున్నారన్న నీ ఉత్తరం నిన్న చేరింది. "పరిశీలకురాలు ప్రిస్కిల్లా ఆదివారాలు కొలవలేదు, సోమవారం అంకె రెండు రోజులది" అన్న నీ వాక్యం అట్లాగే అచ్చవుతుందన్నమాట. రోజువారీ అంకెలు వదిలి, ఆదివారంతో మొదలయ్యే వారం మొత్తాలతో లెక్క తిరగకట్టావు. వారం మొత్తానికి నా సున్నా అడ్డు రాదని నాకు తట్టనేలేదు.

దానికింద నువ్వు రాసింది మాత్రం ఇంట్లో ఎవరికీ చూపించలేదు. "నువ్వు నన్ను కొట్టిన పొద్దు గేజిలో ఉండింది నాలుగున్నర, నేను రాసింది నాలుగు. అర మిల్లీమీటరుకు నాలుగు దెబ్బలైతే, నీ సున్నాలకు ఎన్ని అవ్వా?" లెక్కవేయడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపేశాను.

రాత్రి వాన పడింది. ఈ ఉదయం చర్చికి కట్టుకున్న తెల్లచీరతోనే పెరట్లోకి పోయాను. అక్కమ్మ గోడ మీదుగా చూసి, "టీచరమ్మా, ఈపొద్దు ఆదివారం గదా!" అంది.

"తెలుసు" అన్నాను.

6.4. రాశాను. రేపటి అంకె ఇక రేపటిదే.

నువ్వుండే కుప్పంలో ఎంత పడిందో నువ్వూ రాయి. చూసి రాయి.

మీ అవ్వ,
ప్రిస్కిల్లా.